అప్పడాలూ, గాజులూ

మగవాళ్ళకి పెళ్ళిరోజు గుర్తుండదని మనమంతా సణుక్కుంటాం గానీ, ఆ పెళ్ళిలో అప్పడాలు సరిపోలేదన్న సంగతి మాత్రం వాళ్ళకి నలభై ఏళ్ళయినా చెక్కుచెదరదు. మావారినే తీసుకోండి. ముహూర్తం ఎన్నింటికో చెప్పలేరు. పెళ్ళి చేయించిన పురోహితుడి పేరు చెప్పలేరు. మూడో బంతిలో వాళ్ళ పెద్దనాన్నగారి విస్తట్లో అప్పడం పడకపోవడం, ఆయన మొహం ముడుచుకుని లేచిపోవడం, మా నాన్నగారు కండువా సర్దుకుంటూ వెనకాలే పరుగెత్తడం... ఇవన్నీ నిన్న జరిగినట్టు చెప్తారు. పైగా అవి మినప అప్పడాలో, పెసర అప్పడాలో కూడా!

ఇందులో ఆయన చేసుకున్న పాపం ఏమీ లేదుట. అవమానం, కోపం, భయం, ఏది కలిగినా సరే, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడడం, అరచేతులు చెమర్చడం దాని చలవే. తమాషా ఏమిటంటే, ఆ ఎడ్రినలిన్ మెదడు గడప తొక్కలేదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకని బయటే నిలబడి కబురు పంపిస్తుందన్నమాట. వేగస్ అనే పొడుగాటి నరం ఆ కబురు మోసుకుపోతుంది. అప్పుడు మెదడు లోపల నారెడ్రినలిన్ పుట్టి, బాదంగింజ ఆకారంలో ఉండే ఎమిగ్డాలాని తట్టి లేపుతుంది. అది తన పొరుగునే ఉన్న హిప్పోకాంపస్‌కి "ఇదిగో, దీన్ని గట్టిగా రాసి పెట్టుకో" అని పురమాయిస్తుంది. జరిగిన సంగతుల్ని జ్ఞాపకాలుగా కట్టేది ఈ హిప్పోకాంపసే. ముహూర్తానికి ఎవరూ పురమాయించలేదు, అప్పడానికి పురమాయించారు. అంతే తేడా!

ఇది ఉత్త ఊహ కాదు సుమండీ. కాలిఫోర్నియాలో జేమ్స్ మెగా, లారీ కేహిల్ అనే శాస్త్రజ్ఞులూ, వారి సహచరులూ 1994లో కొంతమందికి బొమ్మలు చూపిస్తూ ఒక కథ చెప్పారు. తల్లీ కొడుకూ కలిసి వెళ్తుంటే పిల్లవాడికి కారు ప్రమాదం జరిగే కథ. కథ వినేముందు కొందరికి ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చారు. బ్లడ్ ప్రెషర్‌కి వాడే మందే అది, ఎడ్రినలిన్ పని జరగకుండా అడ్డు పడుతుంది. వారం పోయాక అడిగితే, మాత్ర వేసుకోని వాళ్ళకి ప్రమాదం ఘట్టం మిగతా కథ కంటే బాగా గుర్తుంది. మాత్ర వేసుకున్న వాళ్ళకి ఆ ఘట్టం కూడా మామూలు ముక్కలాగే మిగిలిపోయింది.

మరయితే గాభరా పడితే జ్ఞాపకం బాగుంటుందనుకుంటే, పరీక్ష హాల్లో మన పిల్లలు ఎందుకు తెల్లమొహం వేస్తారు? మా మేనకోడలి కూతురు ఇంటర్ ఫిజిక్స్ పేపరు చేతిలో పట్టుకుని గంటసేపు దిక్కులు చూసి, బస్‌స్టాపు దగ్గరికి వచ్చాక సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పింది. వాళ్ళమ్మ నాలుగు తగిలించబోతే నేనే అడ్డుపడ్డాను. దీనికి కారణం కార్టిసాల్ అని ఇంకొకటి. అదీ ఆ టోపీ గ్రంథుల్లోంచే వస్తుంది గానీ ఎడ్రినలిన్ లాగా గబగబా రాదు, కాస్త నిదానం. అది మెదడు గడప హాయిగా దాటగలదు. రాసిపెట్టుకోవడానికి సాయం చేస్తుంది గానీ, ఉన్నదాన్ని వెతికి పైకి తియ్యడానికి అడ్డం పడుతుంది. 1998లో ఎలుకల మీద చూశారు. భయపెట్టిన అరగంటకి పరీక్ష పెడితే, అంతకుముందు బాగా నేర్చుకున్న దారి మరిచిపోయాయి. రెండు నిమిషాలకి పెట్టినా, నాలుగు గంటలకి పెట్టినా మరిచిపోలేదు. కాబట్టి హాలు గుమ్మంలో నిలబడి "అన్నీ వచ్చా? ఆ చాప్టర్ చూశావా?" అని ఆఖరి నిమిషం దాకా దంచే తల్లులు కాస్త ఆలోచించాలి.

ఇవన్నీ నేను ఎందుకు చదివానంటారా? మా పిన్ని కోసం.

పిన్నిని నాగాయలంక దగ్గర ఒక పల్లెకి ఇచ్చారు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి ఆ వయసు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, చిన్నవాళ్ళకి పెద్దలు చెప్పే ఉంటారు. సముద్రం తాటిచెట్ల ఎత్తున లేచి వచ్చిందని పిన్ని అంటుంది. ప్రభుత్వం లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. పిన్ని ఒక చేత్తో తాడిచెట్టునీ, రెండో చేత్తో తోడికోడలి చేతినీ పట్టుకుంది. చెట్టు మిగిలింది.

పిన్నికి ఆ చేతికున్న గాజులు గుర్తున్నాయి. ఆకుపచ్చవి, ఆరు. ఒకటి విరిగి తన అరచేతిలో గుచ్చుకోవడం గుర్తుంది. ఆ తర్వాత తను ఎన్నాళ్ళకి బందరు చేరిందో, ఎవరు చేర్చారో, ఏం తిన్నదో ఏమీ తెలియదు. శాస్త్రం ప్రకారం ఇదీ మామూలేనట. ప్రాణభయంలో చూపు ఒక్క చోట బిగుసుకుపోతుంది. ఆ ఒక్కటీ చెక్కినట్టు నిలుస్తుంది, చుట్టూ ఉన్నది చెరిగిపోతుంది.

ఇంకో చిక్కు. పిన్ని మరిది, అంటే ఆ పోయినావిడ భర్త, అవి ఎర్రగాజులంటాడు. అట్లతద్దికి తనే కొనిచ్చానంటాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ అదే మాట మీద ఉన్నారు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ మర్నాడే కొందరు విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో కాగితం మీద రాయించారు. రెండున్నరేళ్ళ తర్వాత 44 మందిని మళ్ళీ అడిగితే, పదకొండు మంది చెప్పిన దానిలో ఒక్క ముక్కా మొదటి కాగితంతో కలవలేదు. అయినా నమ్మకంగానే చెప్పారు. గట్టిగా గుర్తుండడం వేరు, ఉన్నదున్నట్టు గుర్తుండడం వేరన్నమాట. ఈ సంగతి నేను ఆ ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. ఆ గాజులు ఏ రంగువైతే నాకేం? ఆయన దగ్గర ఎర్రవి ఉన్నాయి, ఈవిడ దగ్గర పచ్చవి ఉన్నాయి.

అసలు జ్ఞాపకం ఇంతకాలం నిలవాలంటే మెదడులో ఏదో కట్టుబడి జరగాలి కదా? దాన్ని పట్టుకున్నాయన ఎరిక్ కాండెల్. వియన్నాలో పుట్టి, నాజీల వల్ల తొమ్మిదేళ్ళ వయసులో ఊరు విడిచి అమెరికా చేరిన మనిషి. ఎప్లీషియా అనే సముద్రపు నత్త జాతి జీవిని ఎంచుకున్నాడు, దాని నరాల కణాలు అంత పెద్దవి గనక. దాని తోక మీద ఒకసారి షాకు కొడితే కొన్ని నిమిషాలపాటు ముట్టుకుంటే ముడుచుకుంటుంది. వ్యవధి ఇచ్చి నాలుగైదుసార్లు కొడితే రోజుల తరబడి మరిచిపోదు. షాకు తగిలినప్పుడు నరాల అతుకుల దగ్గర సెరటోనిన్ ఊరుతుంది. దాని మూలంగా కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనేది తయారవుతుంది. అది తయారయ్యేది ఏటీపీ నుంచి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుక్కున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారేనని తెలిసి నాకు ఒళ్ళు పులకరించింది! సెరటోనిన్ ఒకసారి వస్తే అతుకు కాసేపు బలపడుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తే కబురు కణం కేంద్రం దాకా పోయి, జన్యువులు పనిలోకి దిగి, కొత్త అతుకులే మొలుస్తాయి. కాండెల్‌కి 2000లో నోబెల్ బహుమతి పంచుకునే భాగ్యం కలిగింది.

మన తలలో సెరటోనిన్ కథ నత్తలో ఉన్నంత తేలిక కాదనుకోండి. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు పేగుల్లోనే ఉంటుంది. అది మెదడులోకి రాదు. అరటిపండులో సెరటోనిన్ ఉంది కదా అని పిల్లలకి డజన్లకొద్దీ తినిపించేవాళ్ళకి ఈ మాట. కడుపు నిండుతుంది, అంతే.

ఇప్పుడు మా ఇంటి తగువు. పిన్ని కొడుకు "అక్కా, అమ్మ ముందు ఆ మాట ఎత్తకండి, రాత్రి నిద్రపోదు" అంటాడు. కోడలు "చెప్పుకోనివ్వండి, గుండెల్లో పెట్టుకుంటే మంచిది కాదు" అంటుంది. ఇద్దరిదీ ప్రేమే. 2000లో న్యూయార్క్‌లో ఎలుకల మీద జరిగిన పరిశోధన ఒకటి ఉంది. జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడు అది కాసేపు మెత్తబడి, మళ్ళీ గట్టిపడవలసి వస్తుందిట. ఊరగాయ జాడీ మూత తీసినట్టే. పొడిగరిటె పెడితే ఫరవాలేదు, తడిగరిటె పెట్టామా, పాడయిపోతుంది. ఆ మెత్తబడిన వేళ ప్రొప్రనలాల్ ఇచ్చి భయం తగ్గించాలని మనుషుల్లో ప్రయత్నించారు గానీ, ఫలితాలు ఒక్కలా లేవు.

నేను కొడుకు పక్షమూ కాదు, కోడలి పక్షమూ కాదు. మూత తియ్యడం పిన్ని ఇష్టం. గరిటె కూడా ఆవిడదే. ఎవరో ఊరి చరిత్ర రాస్తున్నామంటూ వచ్చి, టేప్‌రికార్డరు ముందు కూర్చోబెట్టి "ఆ గాజుల సంగతి మళ్ళీ చెప్పండి" అంటే నేనే పంపించేశాను. అందుకు కొడుకు సంతోషించాడు, కోడలు ముఖం చిన్నబుచ్చుకుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వరండాలో ఇద్దరం చిక్కుడుకాయలు వలుస్తున్నాం. ఎవరూ అడగలేదు. తనంతట తనే మొదలుపెట్టింది. ఈసారి తాడిచెట్టు కాదు, బందరు. ఎవరో ఒకావిడ తన ఒంటిమీది తడిబట్ట విప్పించి, నీలం అంచు నేతచీర కట్టిందిట. జుట్టులో ఇసుక దులిపి జడ వేసిందిట. ఆవిడ పేరు అడగలేదని ఇప్పుడు గుర్తొచ్చిందన్నది. ఇన్నేళ్ళలో ఆ చీర మాట నేను వినలేదు. అది ఆ రోజుదో, తర్వాత కట్టుకున్నదో నాకు తెలియదు. "నీలం అంచా పిన్నీ?" అన్నాను.

"నీలమే. కాస్త ముతక. అమ్మాయీ, ముదురుకాయలు ఇటు వెయ్యకే, గింజలు వేరే తీద్దాం" అన్నది.