పాలు వద్దంటే... పళ్లెంలో ఏముంటుంది?

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజులు చూస్తాం, ర్యాంకులు చూస్తాం. మెస్సు సంగతి మాత్రం పిల్లలు చేరాకగానీ గుర్తురాదు. మరి, పాలూ పెరుగూ నెయ్యీ కూడా ముట్టని పిల్లలైతే? హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఓసారి వెళ్లొద్దాం రండి.

లేపాక్షి ఆలయానికి వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూస్తారు. నాగలింగం ముందు ఫొటో దిగుతారు. ఆ ప్రాంగణంలోనే నేలరాతిలో చెక్కిన పెద్దపెద్ద పళ్లాలున్నాయి. అన్నానికీ కూరలకీ వేర్వేరు గుంటలు కూడా ఉన్నాయి వాటిలో. పదహారో శతాబ్దంలో గుడి కట్టిన శిల్పులు వాటిలోనే భోంచేసేవారని అక్కడివాళ్లు చెబుతారు. ఇప్పటి హాస్టళ్లలో కనిపించే అరల స్టీలు పళ్లేనికి ముత్తాతలన్నమాట!

అనంతపురం సీమ దేశంలోనే అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. రాగులు, కొర్రలు, ఉలవలు, కందులు... మెట్టనేల ఏది పండిస్తే అదే తిండి. వేరుసెనగ తరవాతెప్పుడో వచ్చి ఇంటి పంటైపోయింది. పాడి ఉన్న ఇంట్లో నెయ్యి చుక్క పడేది, లేని ఇంట్లో సంగటిముద్దకి చెనిక్కాయల ఊరుబిండే తోడు. ఆ పళ్లేన్ని అప్పట్లో పేదవాడి తిండి అన్నారు. ఇప్పుడు దానికే ఇంగ్లిషు పేరొచ్చింది... వీగన్!

ఏమిటీ వీగన్?

శాకాహారులు మాంసం, చేపలు మానేస్తారు. వీగన్లు ఇంకో అడుగు ముందుకేసి జంతువుల నుంచి వచ్చే ఏదీ తీసుకోరు. గుడ్డు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె అన్నీ బంద్. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఈ మాట పుట్టించారు. మనదేశంలో ఆహార భద్రత సంస్థ 2022లో వీగన్ ఆహారానికంటూ ప్రత్యేక నిబంధనలు, ఆకుపచ్చ ‘వీ’ గుర్తు తెచ్చింది. జీవహింస వద్దని కొందరు, పర్యావరణం కోసం ఇంకొందరు ఈ దారి పడుతున్నారు. పాలు అరగక మానేసేవాళ్లు వేరే. కారణమేదైనా హాస్టల్లో చేరేసరికి అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘ఇక్కడ నేను తినడానికి ఏముంది?’

హిందూపురం... చింతపండు, బెల్లం, మిరప

ఈ మూడింటి వ్యాపారానికి పేరున్న ఊరు హిందూపురం. ఎస్‌డీజీఎస్ కాలేజీ, ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఇక్కడివే. కన్నడసీమ పక్కనే కావడంతో టిఫిన్లలోనూ ఆ వాసన ఉంటుంది. వీగన్ విద్యార్థి చూసుకోవాల్సింది ఇక్కడే. చిత్రాన్నం, పులిహోర నూనెతోనే చేస్తారు కాబట్టి దిగుల్లేదు. బిసిబేళెబాత్, కేసరిబాత్ అంటే మాత్రం నెయ్యి ఉందనే లెక్క. దోసె మీద వెన్న వేయొద్దని పెనం ఎక్కకముందే చెప్పాలి. ఓళిగలో పూర్ణం వరకూ పప్పూ బెల్లమే, పైన పోసే నెయ్యితోనే చిక్కు!

ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకి ఇంకో వెసులుబాటుంది. 2025 జనవరి నుంచి వాళ్లకీ డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. గుడ్డు పక్కన పెట్టేసినా అన్నం, పప్పు, వేరుసెనగ చిక్కీతో ఆ పూట గడిచిపోతుంది.

పెనుకొండ... ఉగ్గాని పక్కనే కిమ్చీ

1565లో తళ్లికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరిది. గగన్‌మహల్, బాబయ్య దర్గా, జైనుల పార్శ్వనాథాలయం అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఉల్లిపాయ కూడా ముట్టని జైన వంట నుంచి కారం దట్టించిన సంగటి దాకా అన్ని రుచులూ తెలిసిన నేల. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక కొరియా రుచులూ వచ్చి చేరాయి. క్యాబేజీ పచ్చడే కదా అని కిమ్చీ తినేయకండి, అందులో చాలాసార్లు చేపల సాసు కలుపుతారు. దానికన్నా పొద్దున్నే పొగలు కక్కే ఉగ్గాని మేలు. నానబెట్టిన బొరుగులు, ఉల్లిపాయ, పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. పాలచుక్క లేదు, పైగా విద్యార్థి జేబుకి అందే ధర!

దారిలో పుట్టపర్తి

పెనుకొండ నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ వస్తుంది. 1981లో డీమ్డ్ యూనివర్సిటీ అయిన శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ ఈ ఊళ్లోనే ఉంది. హాస్టల్లో ఉండి చదవాలి, భోజనం పూర్తిగా శాకాహారం. మాంసం వండే గిన్నెలోనే కూర చేశారేమోనన్న బెంగ అక్కర్లేదు. అయితే మనదేశంలో శాకాహారమంటే పాలూ పెరుగూ కలిసిందే. కాబట్టి ‘వెజిటేరియన్’ అనే మాట వినగానే సంబరపడకుండా నెయ్యి ఎందులో వేస్తారో ముందే కనుక్కోవాలి. ఈ మాట ఏ కాలేజీకైనా వర్తిస్తుంది.

ధర్మవరం... పట్టు దగ్గర ఓ ప్రశ్న

మగ్గాల చప్పుడుతో నిద్రలేచే ఊరు. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి నేతకారుల పిల్లలూ వస్తారు. ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకునేవాళ్లకి వీగన్ భోజనం పెద్ద లెక్క కాదు. సంగటి, ఉలవచారు, ఆకుకూర పప్పు ఎటూ ఉంటాయి. గది తీసుకుని ఉండేవాళ్లకి కర్రీ పాయింటే దిక్కు. అక్కడ పప్పు, వేపుడు, చారు తీసుకుని గదిలో అన్నం వండుకుంటే సరి.

అన్నట్టు, వీగన్లు పట్టు కూడా కట్టరు. దారం తీయడానికి గూడులోని పురుగుని చంపాలి కదా! హైదరాబాద్‌కి చెందిన కుసుమ రాజయ్య చిలుక ఎగిరిపోయాక మిగిలిన గూళ్లతో ‘అహింసా పట్టు’ నేయించి పేరు తెచ్చుకున్నారు. అయినా పురుగుల పెంపకమే వద్దనే వీగన్లు దాన్నీ ఒప్పుకోరు. పట్టే బతుకుదెరువైన ఇంట్లో పుట్టిన పిల్ల వీగన్ అవుతానంటే ఏం చేయాలి? దానికి తేలికైన జవాబు లేదు. కనీసం పళ్లెం దగ్గరైనా ఆ పిల్లకి పోట్లాట లేకుండా చూడొచ్చు.

అమ్మ బెంగ

‘పాలు తాగకపోతే ఎముకలకి బలమెలా?’ అన్నది తల్లుల మొదటి ప్రశ్న. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. అంతే ఆవుపాలలో ఉండేది సుమారు 120. రాగుల్లోది ఒంటికి అంత తేలిగ్గా పట్టదు కాబట్టి నువ్వులు, ఆకుకూరలూ తోడుండాలి. మాంసకృత్తుల కోసం వంద గ్రాముల వేరుసెనగలో 25 గ్రాముల దాకా ఉన్నాయి. వీటిని నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాస్తే వీగన్ పాలు సిద్ధం. పచ్చిమిర్చి తొడిమలు వేసి తోడుపెడితే పెరుగూ అవుతుంది.

ఒక్కటి మాత్రం మెట్టపంటల్లో దొరకదు... విటమిన్ బి12. అది లోపిస్తే రక్తహీనత, నరాల బలహీనత వస్తాయి. పాలు, గుడ్డు పూర్తిగా మానేసినవాళ్లు డాక్టర్ని అడిగి మాత్రలు వాడాల్సిందే. ఇందులో మొండితనం పనికిరాదు.

చేరేముందు ఇవి అడగండి

* పోపు నూనెతోనా, నెయ్యితోనా?

* నెయ్యి వంటలో కలుపుతారా, వడ్డించేటప్పుడు వేస్తారా? వడ్డించేటప్పుడైతే సమస్యే లేదు.

* చపాతీ పిండిలో పాలు, పెరుగు కలుపుతారా?

* గుడ్డు, పెరుగు తీసుకోనివాళ్లకి బదులుగా పల్లీలో గుగ్గిళ్లో ఇస్తారా?

* మెస్ కమిటీలో విద్యార్థులకి చోటుందా? ఉంటే వారానికి రెండుసార్లు సంగటి, ఊరుబిండి పెట్టమని అడగొచ్చు. ఖర్చూ తక్కువే.

* గదిలో కెటిల్, చిన్న కుక్కర్ వాడనిస్తారా?

పై చదువులకి అనంతపురమో బెంగళూరో వెళ్లినా ఈ ప్రశ్నలు మారవు. ల్యాబులూ లైబ్రరీ చూసి వెనక్కి వచ్చేయకుండా, పిల్లల్ని వెంటబెట్టుకుని మెస్సులో ఓ పూట భోంచేయండి. నాలుగేళ్లు వాళ్లు తినబోయే అన్నం అది!