గూబ కూసిన రాత్రులు

పిల్లలూ! మాఘమాసం వచ్చిందంటే మా కశింకోటలో ఆ సంగతి ముందు ముక్కుకు తెలుస్తుంది, తర్వాత చెవికి తెలుస్తుంది. ముక్కుకు తెలిసేది చెరకురసం పాకమయ్యే వాసన. అనకాపల్లి బెల్లం పేరు మీరు వినే ఉంటారు. ఆ బెల్లానికి చెరకు పండించే ఊళ్లలో మాదీ ఒకటి. చెవికి తెలిసేది పక్షుల సందడి. తెల్లవారకముందే కోకిల గొంతు సవరించుకుంటుంది. ఎండెక్కేసరికి కంసాలి పిట్ట ఎక్కడో కొమ్మల్లో కూర్చుని, రాగిబిందె మీద సుత్తితో కొట్టినట్టు "టుక్కు, టుక్కు" మని మొదలుపెడుతుంది. పొద్దు వాలాక ఇంకొక పక్షి వంతు వస్తుంది. దాని పేరు చెబితే మీలో కొందరు భయపడతారేమో! అదే గుడ్లగూబ.

2025 ఫిబ్రవరి నెలలో మా వీధిలో ఈ గూబ మూలంగా చిన్న తగవు వచ్చింది. ఆ కథ మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా ఇంటి ఎదురుగా ఒక పాత చింతచెట్టు ఉన్నది. దాని మానులో, రెండు నిలువుల ఎత్తున, ఒక తొర్ర ఉన్నది. అందులో ఒక చిన్నజాతి గూబల జంట కాపురం పెట్టింది. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు వీటిని పైడికంటి అనేవారు. కళ్లు బంగారు రంగులో ఉంటాయి గనుక ఆ పేరు. పక్షి గోరువంకంత ఉంటుంది, అంతే. బూడిద కలిసిన గోధుమరంగు ఒంటిమీద ముగ్గు చల్లినట్టు తెల్లని చుక్కలు. పొద్దు గుంకగానే రెండూ తొర్ర బయటికి వచ్చి, "చిర్రు, చిర్రు" మని ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు అరుస్తాయి. నిజానికి అది పోట్లాట కాదు. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడింది, ఈ చెట్టు మాది అని తోటి గూబలకు చాటడమన్నమాట.

ఆ చెట్టు పక్క ఇంట్లోనే ఒక మామ్మగారు ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. సంక్రాంతి తర్వాత జ్వరంతో మంచమెక్కారు. ఒక సాయంత్రం ఆమె కొడుకు మా ఇంటికి వచ్చాడు. చేతిలో తాపీ, వెనక ఒక కుర్రవాడు, వాడి నెత్తిమీద సిమెంటు తట్ట.

"మేస్టారూ! మీ నిచ్చెన ఒకసారి ఇప్పించండి. ఆ తొర్ర మూసేస్తాను. రోజూ గూబ కూస్తోంది. ఇంట్లో అమ్మ చూస్తే అలా ఉంది. నాకేమో గుండె ఝల్లుమంటోంది," అన్నాడు.

నేను నిచ్చెన ఇవ్వలేదు. అలాగని అతన్ని కోప్పడనూ లేదు. ఎందుకు కోప్పడలేదో చెబుతాను. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పాతికేళ్ల కిందట నేను ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉండేవాణ్ణి. పాత పెంకుటి కట్టడం. దాని అటకమీద తెల్లగూబలు ఉండేవి. ఇది వేరే జాతి. మొహం చూస్తే అడ్డంగా కోసిన జామపండులా, గుండె ఆకారంలో తెల్లగా ఉంటుంది. కళ్లు మాత్రం నల్లన. పదో తరగతి పరీక్షల ముందు కొందరు తల్లిదండ్రులు వచ్చి, "బడిలో గూబ ఉంటే పిల్లలు తప్పుతారండీ" అన్నారు. సైన్సు చదువుకున్నవాణ్ణి, ఒక్క మాట వాళ్లకు నచ్చజెప్పలేకపోయానా? చెప్పలేదు. ఎందుకొచ్చిన తంటా అనుకుని, మేస్త్రీని పిలిపించి, అటక కన్నం ఇటుకలతో కట్టించేశాను. లోపల ఏమున్నదో చూడను కూడా లేదు.

మూడోనాడు సాయంకాలం గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే, పైనుంచి పాము బుసకొట్టినట్టు సన్నని చప్పుడు వినబడింది. నిచ్చెన వేసి ఇటుకలు తీయించాను. లోపల ఐదు పిల్లలు! తెల్లగూబ గుడ్లన్నీ ఒక్కసారి పెట్టదు. ఒకటి పెట్టి, ఒకటి రెండు రోజులు ఆగి, ఇంకొకటి పెడుతుంది. మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందుచేత పిల్లలు మెట్లలాగా పెద్దదీ, దానికంటె చిన్నదీ, ఇంకా చిన్నదీ అలా ఉంటాయి. బుసకొట్టింది పాము కాదు. ఆకలేసిన గూబపిల్లలు అలాగే అరుస్తాయి. పై మూడు మెట్లూ బతికి ఉన్నాయి. చివరి రెండు మెట్లూ బతికి లేవు.

ఆ రాత్రి తల్లిగూబ మళ్లీ వచ్చింది. ఇటుకలు తీసిన కన్నంలోకి ఎలుకను పట్టుకుని పోయింది. చీకట్లో నిలబడి చూశాను. మర్నాడు బడిలో పిల్లలకు ఏమీ చెప్పలేకపోయాను.

అందుకే నిచ్చెన అడిగిన అతన్ని కోప్పడే అర్హత నాకు లేదు. "నాయనా, ఒక్క నెల ఆగు. నెలయ్యాక కూడా మూయాలంటే నేనే నిచ్చెన పట్టుకుంటాను," అన్నాను. అతను ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఏం చేయాలి? మా మనమరాలు ఏడో తరగతి చదువుతున్నది. దాన్నీ, వీధిలో మరో నలుగురు పిల్లలనూ కూర్చోబెట్టి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ప్రతి పేజీలో రెండు గడులు గీయించాను. మొదటి గడిలో, ఆ రాత్రి గూబ కూసిందా లేదా అని రాయాలి. రెండో గడిలో, ఆ రాత్రీ మర్నాడూ మా వీధిలో జరిగిన మంచీ చెడూ రాయాలి. ఫిబ్రవరి 1న మొదలుపెట్టి 28 దాకా, ఒక్క రోజు కూడా మానకూడదు. ఇష్టమైనది రాయడం, ఇష్టం లేనిది వదిలేయడం పనికిరాదు. అదొక్కటే షరతు.

లెక్క రాసే వంకతో పిల్లలు రోజూ సాయంత్రం గూబలను చూడసాగారు. చూసేకొద్దీ ప్రశ్నలు పుట్టాయి.

"తాతయ్యా, అది మనల్ని చూసి తల కిందికీ పైకీ ఆడిస్తుందేం? వెక్కిరిస్తోందా?" అని మనమరాలు అడిగింది.

గూబ కళ్లు మన కళ్లలాగా గుండ్రని బంతులు కావు, గొట్టాల్లాంటివి. అవి పుర్రెలో బిగిసిపోయి ఉంటాయి. మనలాగా కంటిని అటూ ఇటూ తిప్పడం దానికి చేతకాదు. అందుకని తలనే తిప్పుతుంది. తల ఆడిస్తే ఎదుటి వస్తువు ఎంత దూరాన ఉన్నదో దానికి అంచనా దొరుకుతుంది. మన మెడలో ఏడు ఎముకలుంటే గూబ మెడలో పద్నాలుగు ఉంటాయి. అందుచేత అది తలను ఒకవైపు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. అంటే వలయంలో ముప్పాతిక భాగమన్నమాట!

"ఎగిరితే చప్పుడే లేదేం?" అని ఒక కుర్రవాడు అడిగాడు. గూబ రెక్క ఈకల ముందంచున దువ్వెన పళ్లలాంటి నూగు ఉంటుంది. వెనక అంచు మెత్తని కుచ్చులాగా ఉంటుంది. గాలి వాటి మధ్యనుంచి చీలిపోయి, చప్పుడు అణిగిపోతుంది. ఆ ఏర్పాటు తెల్లగూబలో మరీ బాగా కుదిరింది. దాని చెవులు మరీ విచిత్రం. కుడిచెవీ ఎడమచెవీ ఒకే ఎత్తున ఉండవు. గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడు రెండు చెవులకూ రవ్వంత తేడాతో చేరుతుంది. ఆ తేడానుబట్టి ఎలుక ఎక్కడున్నదో అది కనిపెడుతుంది. కటిక చీకటి గదిలో కూడా తెల్లగూబ చెవి ఆధారంతోనే ఎలుకను పట్టగలదని శాస్త్రజ్ఞులు పరీక్షచేసి చూశారు.

ఒకనాడు చెట్టుకింద బొటనవేలి కొసంత బూడిదరంగు ఉండలు దొరికాయి. గూబ పురుగునూ చిన్న ఎలుకనూ నమలదు, మింగుతుంది. అరగని ఎముకలూ వెంట్రుకలూ ఉండచుట్టి నోటివెంట కక్కేస్తుంది. పిల్లలు చేతులకు సంచులు తొడుక్కుని, ఒక ఉండను నీళ్లలో నానేసి పుల్లతో విప్పారు. పేడపురుగుల రెక్కల పెంకులూ, ఒక చుంచెలుక దవడా బయటపడ్డాయి. దవడలో పళ్లు కూడా ఉన్నాయి! చెరకు రైతు బిడ్డ ఒకడు, "ఈ ఎలుకలే గదా మా చెరకు మొదళ్లు కొరికేసేవి!" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఎంతో సంతోషమైంది. ఇశ్రాయెలు దేశంలో 1980ల నుంచి రైతులు ఎలుకమందు తగ్గించి, పొలాల్లో తెల్లగూబలకు చెక్కపెట్టెలు కట్టిపెడుతున్నారు. తర్వాత పొరుగున ఉన్న జోర్డాను రైతులు కూడా ఆ పద్ధతి పట్టుకున్నారు. అక్కడ ఖర్చుపెట్టి పిలుచుకొస్తున్న పక్షిని, ఇక్కడ మనం సిమెంటు ఖర్చుపెట్టి వెళ్లగొడుతున్నాం!

ఫిబ్రవరి 14 నుంచి 17 దాకా ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరిగింది. 1998లో మొదలైన ఈ లెక్కలో 2013 నుంచి మన దేశం కూడా చేరింది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడిన పక్షులన్నిటినీ లెక్కించి పంపాలి. మా పిల్లలు శారదానది గట్టున నిలబడి కొంగలు, లకుముకి పిట్టలు, గోరువంకలు, పికిలిపిట్టలు, రామచిలకలు, పసులపోలిగాళ్లు రాసుకొచ్చారు. చీకటి పడే వేళ చింతచెట్టుకిందికి వచ్చి, పట్టీ చివర "గూబలు 2" అని రాసేటప్పుడు మా మనమరాలి మొహం మీరు చూడవలసింది.

ఇక అసలు లెక్కకు వద్దాం. నెల పూర్తయింది. ఇరవైఎనిమిది రాత్రుల్లో ఇరవైరెండు రాత్రులు గూబ కూసింది. ఆరు రాత్రులు కూయలేదు. కూసిన రాత్రుల పక్కన పిల్లలు ఏమి రాశారు? ఒక ఇంట్లో ఆవు ఈనింది. ఒక అమ్మాయికి పెళ్లి కుదిరింది. ఒకరికి ఉద్యోగం ఉత్తరువు వచ్చింది. ఇద్దరు పిల్లలకు జ్వరం తగ్గింది. కూయని రాత్రి ఒకటి ఉన్నది. మర్నాడే ఒకాయన మోటారుసైకిలు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

కాని, పిల్లలూ, మీ దగ్గర దాచకూడదు. పదకొండో తేదీ పేజీలో ఇంకొకటి కూడా ఉన్నది. చాలాకాలంగా మంచానపడి ఉన్న వెనకింటి తాతగారు ఆ రాత్రి పోయారు. ఆ రాత్రి గూబ కూసింది.

"చూశారా మేస్టారూ!" అన్నాడు మామ్మగారి కొడుకు.

"చూశాను నాయనా. రాయించాను కూడా. మిగతా ఇరవైఒక్క రాత్రులూ కూడా చూడు," అన్నాను. "గూబ కూసి చావు వచ్చిన ఒక్క రాత్రి మనకు నలభై ఏళ్లు గుర్తుంటుంది. కూసి ఏమీ జరగని రాత్రులు తెల్లారేసరికి మరిచిపోతాం. ఇంకొక సంగతి. మనిషికి జబ్బుగా ఉన్న ఇంట్లో రాత్రంతా దీపం వెలుగుతుంది. దీపానికి పురుగులు చేరుతాయి. పురుగులకోసం గూబ వస్తుంది. మామూలప్పుడు మనం నిద్రపోతాం గనుక దాని కూత వినం. రోగి పక్కన మేలుకుని ఉంటాం గనుక వింటాం. కూత చావును తేలేదు. మన మెలకువ కూతను వినిపించింది."

అతను పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. లోపలినుంచి మామ్మగారి గొంతు వినబడింది.

"ఒరే, ఎనభై యేళ్లు దాటిన ముసలిదాన్ని. పోయే రోజు వస్తుందని నాకు గూబొచ్చి చెప్పాలేంట్రా? రాత్రిళ్లు నిద్రపట్టనప్పుడు నాకు అవే తోడు. వాటి జోలికి పోకు!"

తర్వాత ఎవరూ నిచ్చెన అడగలేదు. చింతపండు దులిపేటప్పుడు ఆ తొర్ర ఉన్న వైపు కొమ్మలు మాత్రం కదపకుండా వదిలేశారు. చైత్రమాసం చివర ఒక సాయంత్రం, కొమ్మమీద ముగ్గురు కొత్తవాళ్లు వరసగా కూర్చున్నారు. దూదిలాంటి ఒళ్లు, పైడి కళ్లు! మామ్మగారు గుమ్మంలో నులకమంచం వేయించుకుని, వేలు చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టారు. నేను కూడా మనసులో లెక్కపెట్టాను. నా లెక్క ఐదుదాకా పోయి ఆగింది.

పిల్లలూ, మీ వీధిలో కూడా గూబ ఉండవచ్చు. పాత చెట్టు తొర్రో, గుడి గోపురమో, పాడుబడ్డ ఇల్లో చూడండి. పగలు కాకులు ఒకచోట గుంపుచేరి గోల చేస్తుంటే, అక్కడ గూబ దాగి ఉందేమోనని అనుమానించండి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. దూరంగా నిలబడండి. కళ్లలోకి లైటు వేయకండి. గూడులో చెయ్యి పెట్టకండి. గూబలను పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోండి.

ఒక నోటుపుస్తకంలో రెండు గడులు గీయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ ఇంట్లో ఎవరైనా గూబ కూతకు భయపడితే, వాళ్లను నవ్వులపాలు చేయకండి. పుస్తకం తెచ్చి పక్కన కూర్చుని చూపించండి. పాతికేళ్ల కిందట నేను చేయని పని అది.