కాలువ కట్టిన దినములు

మానవుడు తనకు రావలసినది రానప్పుడు విసుగుకొనును గాని, ఎన్నడును రానిదానికై విసుగుకొనడు. వేకువనే రావలసిన పాలవాడు ప్రొద్దెక్కిన పిదప వచ్చినను, పప్పు సగముడుకగానే గ్యాసు అయిపోయినను, ఎక్కవలసిన బస్సు కన్నుల యెదుటనే కదలిపోయినను మన నుదురు ముడివడును. నోట పరుషవాక్యమును వెలువడును. ఇట్టి విసుగును కృతఘ్నతగా నెంచి తమ్ము తాము నిందించుకొను సజ్జనులను నేనెఱుగుదును. వారి వినయము పూజ్యమే. అయినను, పాలు వచ్చునని, పొయ్యి వెలుగునని, బస్సు నిలుచునని మనము మాటలలో పెట్టక, మనసున తలపనైన తలపక, నిరంతరము మోయుచున్న యొక మహావిశ్వాసము లేనిచో ఆ విసుగునకు నిలువ నీడయే లేదని నాకు తోచుచుండును.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఈ సంగతి వేసవిలో తెలిసివచ్చును. దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట, పూడిక తీయుటకును, గుఱ్ఱపుడెక్క తొలగించుటకును, లాకుల తలుపులు బాగుచేయుటకును కాలువలు కట్టివేయుదురు. అంతకుముందే మంచినీటి చెరువులు నింపుకొందురు గాని, ఎండలు ముదిరినకొలది ఆ నీరు పచ్చబడి అడుగంటును. కుళాయి ధార సన్నగిల్లును. బిందెల వరుసలో మాటామాటా పెరుగును. పశువులను కడుగ తోలుకొనిపోయినవాడు బురదను చూచి తిట్టుకొనుచు మరలివచ్చును. "ఎప్పుడు వదులుతారట?" ఆ రోజులలో ఊరిలో ఎదురుపడిన ఇరువురి నడుమ తొలిపలుకు ఇదియే. అందఱును దినమును గూర్చియే యడుగుదురు. నీరసలు వచ్చునా యని అడుగువాడు నాకింతవఱకు తారసపడలేదు. కాలువలో చుక్క లేకయుండగనే రైతు విత్తనపు బస్తాలు తెచ్చి ఇంట పేర్చుకొనును, ఏరువాక పున్నమకు ఎద్దులను కడిగి నాగలికి పసుపు పూయును. నీటికై అందఱికన్న ఎక్కువగా గొణుగువాడును అతడే.

ఈ నిశ్చింత అనాదిసిద్ధమైనది కాదు. 1833నాటి కరవులో ఈ నేలమీదనే జనులు ఆకలిచే కూలిరి. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెత్తెను. గోదావరి మాత్రము ఏటేటా పొంగి ప్రవహించి సముద్రమున కలియుచునే యుండెను. ఆనాటి రైతు ఆకసమువంక చూచెను, మ్రొక్కెను, తుదకు ఊరు విడిచి పోయెను; విసుగుకొనుటకు అతనికి మాట యిచ్చినవారెవ్వరును లేరు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున 1847లో మొదలిడిన ఆనకట్ట 1852లో ముగిసిన పిదపనే, ఈ సీమలో రైతునకు కాలువ మాట యిచ్చినది. ఆ దొరను గోదావరి స్నానవేళ స్మరించువారు నేటికిని కలరు. ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహములును కలవు. అది యుచితమే. కాని ఇసుకలో పునాదులు దింపి రాళ్లు మోసిన కూలీల పేర్లు ఆ విగ్రహముల క్రింద కానరావు. అర్ధరాత్రి వానలో తడియుచు లాకు తలుపు ఎత్తు లస్కరు పేరు ఆ నీటితో ఎసరు పెట్టు ఇల్లాలికి తెలియదు. కాలువ పాఱుచున్నంత కాలము నాకును వీరెవ్వరును జ్ఞప్తికి రారు. కట్టివేసిన నాడే, ఎండిన కాలువ గర్భమున మోకాలిబంటి బురదలో పారలతో నిలిచిన మనుష్యులు కనబడుదురు. వారికి మనసారా నమస్కరింపవలెనన్న బుద్ధియు అప్పుడే పుట్టును.

విసుగునకు మఱియొక ముఖము కలదు. ఒకరిపై మనము పెట్టుకొన్న నమ్మకము ఆలస్యమైనప్పుడు కలుగునది యొకటి. మనపై ఒకరు పెట్టుకొన్న నమ్మకము మన విశ్రాంతిని భంగపఱచినప్పుడు కలుగునది వేఱొకటి. కోనసీమలో వైనతేయ నదిమీదుగా కాలువను దాటించు అక్విడక్టునకు డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. లంకల గన్నవరమున 1909 వఱకు జీవించిన ఆ తల్లి వేళ కాని వేళ వచ్చిన బాటసారులకును వండి వడ్డించినది. గిన్నెలు కడిగి బోర్లించిన పిదప తలుపు చప్పుడు వినుట ఏ గృహిణికైనను కష్టమే. ఆ చప్పుడులో, ఈ ఇంట అన్నము దొరకునన్న అపరిచితుని భరోసాను ఆమె వినగలిగినదని నా నమ్మకము. నాకంతటి శక్తి లేదు. అయినను భోజనానంతరము నడుము వాల్చిన వేళ పొరుగింటి పిల్లవాడు లెక్క చెప్పుమని పుస్తకము పట్టుకొని వచ్చినప్పుడు, ఇంతమందిలో నన్నే వెదకికొని వచ్చెను గదా యన్న సంతోషము విసుగు వెన్నంటియే కలుగుచున్నది.

దేవునియెడ సైతము మనవారు ఈ చనవునే చూపిరి. కృష్ణాతీరమున శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమకవి ఒక శతకము నిండ నిందించుచునే స్తుతించెను. మన కాలువలలోని నీరు ఎగువన భద్రాచలమును ఒరసికొని వచ్చిన నీరే. అచట రామునకు గుడి కట్టించి, సర్కారు సొమ్ము వెచ్చించినందులకు గోలకొండ చెఱలో మ్రగ్గిన గోపన్న మెత్తని ప్రార్థనలతో తృప్తిపడలేదు. సీతమ్మకును స్వామి తమ్ములకును తాను చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొని, వాని వెలలు చెప్పి, ఎదుటివాడు వినుచున్నాడన్న నిశ్చయముతో ఒక కీర్తనలో నిలదీసెను. ఆ కీర్తన తుదిలోనే, బాధ కోర్వలేక అన్నమాటలని క్షమాపణయు వేడెను. మన ఇండ్లలో నేటికిని ఆ కీర్తన పాడువారు క్షమాపణను మాత్రమే ఏఱుకొని పాడరు. నగల లెక్కయంతయు వినిపించి, ఆపై చేతులు జోడింతురు.