స్కాన్‌లో కనబడనిది

“బ్రెయిన్ స్కాన్ నార్మల్‌గానే ఉందమ్మా” అన్నారు డాక్టరుగారు. మా ఆయన హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. తలనొప్పికని తీసిన ఆ ఎమ్మారైలో చిన్న మచ్చయినా కనబడాలని మొక్కుకున్నానని ఎవరితో చెప్పను?

అది 2004. పాపకి ఆరు నెలలు. కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, నేనే పాపనేదో చేసేస్తున్నట్టు ఒక దృశ్యం కళ్ళముందు మెదిలేది. కత్తిపీట అటకెక్కించాను. పాప స్నానం మా అత్తయ్యకి అప్పజెప్పాను. ఆ పాపిష్టి ఆలోచనని కడిగేసుకోవాలన్నట్టు, వేళ్ళ సందులు పగిలి నెత్తురొచ్చేదాకా చేతులు తోముకునేదాన్ని. “మా కోడలికి శుభ్రం ఎక్కువ” అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేది. మా అమ్మ కూడా ఆరేసిన బట్టల్ని మళ్ళీ మళ్ళీ తడిపేది. ఊరంతా దాన్ని మడి అన్నారు. కడగడం, తోమడం ఆడదాని పనే అయినచోట అది ఎప్పుడు జబ్బయిందో ఎవరికి తెలుస్తుంది? కడిగే చేతులకి మెప్పు దొరికింది. తలలో ఉన్నది చెబితే మాత్రం పాపని నాకు దూరం చేస్తారని భయం.

చివరికి ఒక సైకియాట్రిస్టు దగ్గర నోరు విప్పాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఇది ఓసీడీ అన్నారు. కాన్పు తర్వాత ఇది మొదలవడమో ముదరడమో చాలామందిలో ఉంటుందన్నారు. “మీకు బొత్తిగా ఇష్టంలేని ఆలోచన కాబట్టే ఇంత భయపడుతున్నారు” అన్నారు.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. కళ్ళకి పైన, నుదుటి వెనకుండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, మెదడు లోపలి కాడేట్, థాలమస్ - వీటి మధ్య సంకేతాలు గిర్రున తిరుగుతుంటాయి. ‘ఏదో తప్పు జరిగింది’ అనే గంట ఓసీడీలో ఆగకుండా మోగడానికి ఈ వలయమే ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2017లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 1,800 మందికి పైగా ఓసీడీ ఉన్నవాళ్ళ స్కాన్లని లేనివాళ్ళ స్కాన్లతో పోల్చింది. పెద్దవాళ్ళలో హిప్పోకాంపస్ కాస్త చిన్నగా, పాలిడమ్ కాస్త పెద్దగా ఉన్నాయి. మందులు వాడుతూ లేని పిల్లల్లో థాలమస్ పెద్దగా ఉంది. కానీ ఇవన్నీ సగటు లెక్కలు. తేడాలు చాలా స్వల్పం. ఒక్క మనిషి స్కాన్ చూసి ఓసీడీ ఉందని గానీ లేదని గానీ చెప్పలేరు. నా స్కాన్ నార్మల్ కావడం, నా బాధ నిజం కావడం రెండూ ఒకేసారి సాధ్యమేనని అప్పుడర్థమైంది.

అయినా ఆ సాక్ష్యం కోసం నేనెందుకంత తపించాను? ఆడవాళ్ళ మెదళ్ళని తూచి, బరువు తక్కువ కాబట్టి తెలివీ తక్కువేనన్న 19వ శతాబ్దపు పండితుల సంగతి మనకి తెలియనిది కాదు. నా స్కాన్‌లో మచ్చ కనబడి ఉంటే ఇంట్లో నాకు జాలి దొరికేదో, ‘దాని మెదడులోనే లోపముంది’ అన్న ముద్ర పడేదో!

నా చికిత్స మందులతో పాటు కత్తిపీటతోనే జరిగింది. దాన్ని కిందికి దింపి, పాప పక్కనే ఆడుకుంటుంటే బెండకాయలు తరగాలి. గుండె దడదడలాడినా చేతులు కడుక్కోకూడదు. భయం దానంతటదే తగ్గేదాకా కూర్చోవాలి. మొదటిరోజు మూడు కాయలే తరిగాను. అమెరికాలో బాక్స్‌టర్ బృందం 1992లోనే చూపించింది - మందులతో నయమైనవాళ్ళలోనూ, ఇలాంటి అభ్యాసంతో నయమైనవాళ్ళలోనూ కాడేట్ అతి చురుకుదనం తగ్గిందని. అంటే ఈ మెదడు నుదుటి రాత కాదు.

ఇదంతా రాసి ముందుగా పాపకే చదివి వినిపించాను. నా భయమంతా తన గురించేనని అది వినడం ఇదే మొదటిసారి. కాసేపు నా చేతులకేసి చూసి, “మరి అమ్మమ్మని ఎవరైనా డాక్టరుకి చూపించారా?” అనడిగింది.

లేదన్నాను.