డీప్‌డేల్‌లో ఒక పద్దు

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఫోర్కును గడ్డిలోకి ఏటవాలుగా దించాడు. పెకలించలేదు. పిడిని కొద్దిగా కిందికి వంచేసరికి లోపలి మట్టి అంగుళం పైకి లేచింది. ముందురోజు మ్యాచ్‌లో ఎవరి బూటుకో లేచిపోయిన పెళ్ళ తాలూకు గుంట అది. నాలుగు పక్కల నుంచీ అలాగే లేపుకొస్తే అంచులు దగ్గరికి జరిగి, గుంట చిన్నదైంది. మిగిలిన ఖాళీలో బకెట్లోంచి గుప్పెడు పోశాడు. ఇసుక, గడ్డివిత్తనం కలిపిన మట్టి. అరచేత్తో ఒత్తి, చుట్టూ ఉన్న పచ్చికను వేళ్ళతో దువ్వి, మోకాలు ఎత్తకుండానే పక్క గుంటకు జరిగాడు. గోళ్ళు పగిలి నల్లబడ్డాయి. మా కృష్ణా డెల్టాలో నాట్లయ్యాక చచ్చిన కుదుళ్ళ చోట మళ్ళీ నారు గుచ్చే ఆడవాళ్ళ చేతులు గుర్తొచ్చాయి. ఆ చూపు కూడా అంతే, ఎప్పుడూ రెండు బారల ముందుకే.

ఇది ప్రెస్టన్. వాయవ్య ఇంగ్లండ్‌లో, లాంకషైర్ జిల్లా. ఈ మైదానం పేరు డీప్‌డేల్. 1875లో నార్త్ ఎండ్ క్లబ్బు దీన్ని కౌలుకు తీసుకుంది, 1878 నుంచి ఇక్కడ ఫుట్‌బాల్ ఆడుతూనే ఉన్నారు. స్టాండ్ల కొలతలూ కుర్చీల లెక్కా చెప్పడానికి గైడు సిద్ధంగానే ఉన్నాడు. ఆయన్ని మా మేనల్లుడికి అప్పగించి, నేను గడ్డి మనిషి దగ్గర ఆగిపోయాను.

“మీది క్రికెట్ దేశం కదా, మీకు పచ్చిక విలువ తెలియాలే,” అన్నాడు తలెత్తకుండా. తర్వాత తనంతట తనే కోపం తెచ్చుకున్నాడు. 1986 నుంచి 1994 దాకా ఇదే నేల మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారట. బంతి తల మీదికి ఎగిరేదనీ, జారిపడ్డవాడి తొడ చర్మం ఊడొచ్చేదనీ చెప్పాడు. ఇంగ్లండ్ లీగ్‌లో ప్లాస్టిక్ మైదానాన్ని ఆఖరుగా తీసేసిన క్లబ్బు ఇదే. “సోమవారం పిల్లలకు అద్దెకిస్తే నాలుగు పౌండ్లు వస్తాయని పరిచారు,” అని ఉమ్మేయబోయి, కింద గడ్డి ఉందని గుర్తొచ్చి ఆగాడు.

మా సంపాదకుడు నన్ను పంపింది దీనికోసం కాదు. మాంచెస్టర్ యునైటెడ్ ఒకే ఏడాది లీగూ, ఎఫ్.ఏ. కప్పూ, యూరప్ కప్పూ ఎత్తుకుపోయిన 1999 సీజన్ మీద, ఓల్డ్ ట్రాఫోర్డ్ చూసొచ్చి ఏదైనా రాయమన్నాడు. మేనల్లుడు ప్రెస్టన్‌లో చదువుకుంటున్నాడు కాబట్టి వాడి గదిలో దిగాను. వాడు శని, ఆదివారాల్లో ఈ స్టేడియంలో గేటు దగ్గర నిలబడే పని చేస్తాడు. “మామయ్యా, లీగూ కప్పూ కలిపి కొట్టడం మొదలుపెట్టిందే మా ఊరు. ముందు ఇది చూడు,” అన్నాడు. వచ్చి నిండా రెండేళ్ళు కాలేదు, అప్పుడే మా ఊరు!

వాడన్నది నిజమే. ప్రపంచంలో తొలి ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1888లో. అందులో పన్నెండు జట్లు. ఆరు లాంకషైర్‌వి, ఆరు మిడ్‌లాండ్స్‌వి, లండన్ నుంచి ఒక్కటీ లేదు. ఆ మొదటి ఏడాదే ప్రెస్టన్ 22 మ్యాచ్‌లు ఆడి 18 గెలిచింది, 4 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. 74 గోల్స్ కొట్టి 15 ఇచ్చింది. గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చే ఆ లెక్కలో 40 పాయింట్లు తెచ్చుకుంది. రెండో స్థానంలో ఉన్న ఆస్టన్ విల్లాకు వచ్చినవి 29.

కప్పు సంగతి ఇంకా విడ్డూరం. ఐదు మ్యాచ్‌లు, 11 గోల్స్. ప్రత్యర్థులంతా కలిసి కొట్టినవి సున్నా. ఫైనల్ 1889 మార్చి 30న, లండన్ ఓవల్‌లో. 1971లో చంద్రశేఖర్ ఇంగ్లండ్‌ను 101కి కూల్చిన ఓవలే అది. అక్కడ వుల్వర్‌హాంప్టన్‌ను 3-0తో ఓడించారు. డ్యూహర్స్ట్, జిమ్మీ రాస్, శామ్ థామ్సన్ ఒక్కో గోల్ కొట్టారు. ముందు ఏడాది ఇదే ఫైనల్లో వెస్ట్ బ్రామ్ చేతిలో ఓడారు. ఆ రోజు మ్యాచ్‌కి ముందే కప్పుతో ఫొటో దిగుతామని అడిగితే రిఫరీ మేజర్ మారిండిన్ “ముందు గెలవండి” అన్నాడని ఈ ఊరి కథ. కథలో అతిశయం ఎంతైనా ఉండనీ, ఆ జట్టు పొగరు మాత్రం అచ్చంగా అలాంటిదే. 1887లో కప్పు మ్యాచ్‌లో హైడ్ జట్టును 26-0తో కొట్టారు. ఆ పోటీలో అంతకు మించిన గెలుపు ఇంతవరకూ లేదు.

ఇవాళ ‘ఇన్విన్సిబుల్స్’ అంటే మన కుర్రాళ్ళకు ఆర్సెనల్ ఒక్కటే. 2003-04లో వెంగర్ జట్టు 38 మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది, కాదనను. కానీ ఆ ఏడాది ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనల్లో ఓడిపోయింది. లీగ్‌లోనూ కప్పులోనూ ఓటమి ఎరగని పై డివిజన్ జట్టు ఇంగ్లండ్‌లో ఒక్కటే ఉంది. దాని మైదానంలోనే ఈయన మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఇక్కడి నాలుగు స్టాండ్లకూ పేర్లున్నాయి. ఒకటి టామ్ ఫిన్నీది. అంత పెద్ద ఆటగాడై ఉండి ప్లంబర్ పని వదలని మనిషి. ఇంకొకటి, 1938లో కప్పు గెలిచిన జట్టులో ఆడి తర్వాత లివర్‌పూల్‌ను నిలబెట్టిన బిల్ షాంక్లీది. మూడోది గోల్‌కీపర్ అలన్ కెల్లీది. నాలుగోది ఆ ఓటమెరగని జట్టు పేరున ఇన్విన్సిబుల్స్ పెవిలియన్. ఆ జట్టును తయారుచేసిన మనిషి పేరు మాత్రం ఏ స్టాండుకూ లేదు.

ఆయన మేజర్ విలియం సడెల్. ఈ ఊళ్ళో ఒక నూలు మిల్లుకు మేనేజరు. క్లబ్బు మొదట్లో క్రికెట్‌ది. ఫుట్‌బాల్‌కు మారిన కొత్తలో బ్లాక్‌బర్న్ రోవర్స్ 16 గోల్స్ కొట్టి పంపారు. ఆ అవమానం తర్వాత సడెల్ స్కాట్లండ్ వైపు చూశాడు. అప్పటికి ఇంగ్లీషువాళ్ళ ఆటంటే బంతి దొరికినవాడు తలొంచుకుని పరుగెత్తడమే. ఒకరికొకరు అందించుకుంటూ ఆడడం స్కాట్‌లకు తెలుసు. వాళ్ళను ఒక్కొక్కరినే రప్పించాడు. పైకి చూస్తే మిల్లులో ఉద్యోగం, అసలు పని సాయంత్రం మైదానంలో. ఆటకు డబ్బు ఇవ్వకూడదన్నది అప్పటి ఆట నియమం. 1884లో లండన్ జట్టు అప్టన్ పార్క్ ఫిర్యాదు చేస్తే ప్రెస్టన్‌ను కప్పు నుంచి వెలివేశారు. సడెల్ బుకాయించలేదు. అవును ఇస్తున్నాం, ఇక్కడ అందరూ ఇస్తున్నారు అన్నాడు. లాంకషైర్ క్లబ్బులు విడిపోతామని బెదిరించాయి. 1885 జులైలో డబ్బుకు ఆడడం చట్టబద్ధమైంది. ఇవాళ కోట్లు తీసుకుంటున్న ప్రతి ఫుట్‌బాలరూ ఈ మిల్లు మేనేజరుకు బాకీయే.

నాకు ఆ ఒప్పుకోలు నచ్చుతుంది. జమీందారు బిడ్డలకు జీతం లేకుండా ఆడడం సులువే. శనివారం సగంపూట కూలి పోగొట్టుకుని ఆడేవాడికి డబ్బిస్తే ఆట అపవిత్రమైపోతుందనడం ఎంత హాయైన నీతి!

తర్వాతి కథ ఈ ఊరు గొంతు తగ్గించి చెబుతుంది. ఫుట్‌బాల్ లీగ్‌కు తొలి కోశాధికారి కూడా సడెలే. క్లబ్బు ఖర్చుకూ మిల్లు ఖర్చుకూ మధ్య గోడ ఎప్పుడు కూలిందో గాని, 1895లో కోర్టు ఆయన్ని దొంగ లెక్కలు రాశాడనీ మిల్లు సొమ్ము కాజేశాడనీ తేల్చింది. ఐదు వేల పౌండ్ల పైచిలుకు, మూడేళ్ళ జైలు. బయటికొచ్చాక దక్షిణాఫ్రికా వెళ్ళి పత్రికల్లో ఆటల మీద రాసి పొట్ట పోసుకున్నాడు. 1911లో కేప్‌టౌన్‌లో పోయాడు. అంటే ఇంగ్లండ్‌లో మొట్టమొదటి జోడు విజయం వెనక ఒక నూలు మిల్లు గల్లాపెట్టె ఉంది.

ఆ గల్లాపెట్టె దగ్గరే నేను ఆగిపోతాను. లాంకషైర్ బట్టకు ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద సంత మన దేశం. ఇక్కడి మిల్లు యజమానుల ఒత్తిడికి లొంగి, 1882లో మన దేశంలో దిగే నూలు బట్ట మీద సుంకం పూర్తిగా ఎత్తేశారు. ఖజానా ఇబ్బందిలో పడి 1894లో మళ్ళీ వేశారు. వేస్తూ వేస్తూ, లాంకషైర్‌కు నొప్పి తగలకుండా మన మిల్లు నూలు మీదా ఎక్సైజు బిగించారు. ఈ రెండు తేదీల మధ్యనే ప్రెస్టన్ లీగ్ వైభవమంతా ఉంది. 1889లో, 1890లో లీగ్ గెలిచింది, ఆపై వరసగా మూడేళ్ళు రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ఇంతవరకూ లీగ్ టైటిల్ ఎరగదు. 1961లో పై డివిజన్ నుంచి దిగినది మళ్ళీ ఎక్కలేదు. సుంకానికీ గోల్స్‌కీ సూటిగా ముడిపెట్టను. ఒక్క మాట మాత్రం అంటాను. నరసాపురం పక్క మాధవాయపాలెంలో మన నేతగాళ్ళు నేసిన బట్టను కుంఫిణీ ఓడలకెక్కించింది. ఆ రకాన్నే తర్వాత ఈ జిల్లా మిల్లులు నేసి, ఆ ఊరి పేరుతోనే మనకే అమ్మాయి. మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూలికి పోయాడు. ఓవల్‌లో పడ్డ మూడు గోల్స్‌కు చందా వేసినవాళ్ళ జాబితా రాయాల్సి వస్తే, అందులో గోదావరి ఒడ్డు మనుషులకూ ఒక గీత దక్కాలి.

ఇదంతా గడ్డి మనిషికి చెప్పాను, నా ఇంగ్లీషులో, కాస్త ఆవేశంగానే. ఆయన విన్నాడు. “ఇప్పుడు మాత్రం ఏం మారింది? ఈ డివిజన్‌లో టికెట్ల డబ్బుతో జీతాలిచ్చే క్లబ్బు ఏదో చూపించండి. ఏటా యజమాని జేబులోంచి పోయాల్సిందే. అప్పుడు ఆ మేజరు పక్కోడి జేబులోంచి పోశాడు,” అని, బకెట్ ముందుకు జరుపుకున్నాడు.

స్టేడియం దాటి రెండు వీధులు నడిస్తే గుజరాతీ ముస్లిముల ఇళ్ళు మొదలవుతాయి. భరూచ్, సూరత్ వైపు నుంచి 1950, 60లలో మిల్లు పనులకు వచ్చినవాళ్ళు. అక్కడొక టీ కొట్టులో ఒక పెద్దాయన కొట్టు మనిషిని ఉర్దూ కలిసిన గుజరాతీలో తిడుతున్నాడు. నిజానికి తిట్లు ఆయనకు కాదు, ఊరికి. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని హిందీలోకి మారాడు. ఒకప్పుడు రెడ్ స్కార్‌లోని కోర్టాల్డ్స్ ఫ్యాక్టరీలో పనిచేశాడట. 1965లో అక్కడ ఆసియా, కరీబియన్ కార్మికులు సమ్మె కట్టారు. తనూ గేటు బయట నిలబడ్డానని చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ 1980 నాటికి మూతపడింది.

ఆయన ఫిర్యాదు మ్యూజియం గురించి. 2001లో జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం డీప్‌డేల్‌లోనే తెరిచారు. లీగ్ పుట్టిన ఏడాది లీగ్ గెలిచిన మైదానం కాబట్టి అక్కడ పెట్టడం సబబే. 2010లో మూసేశారు. మాంచెస్టర్ నగర పాలక సంస్థ డబ్బిస్తానంది, జనం ఎక్కువ వస్తారంది. 2012లో మాంచెస్టర్ నడిబొడ్డున అర్బిస్ అనే అద్దాల మేడలో మళ్ళీ తెరిచారు. “భాయ్, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మా వీధివాళ్ళు ఒక్కడూ పోలేదు. నేను మనవణ్ణి తీసుకుని పోయేవాణ్ణి. ఇప్పుడు అంతా నాకే చెప్తున్నారు, పోయింది పోయింది అని,” అన్నాడు. మిల్లులు పోయినప్పుడూ ఇదే ఏడుపట, ఇదే ఆలస్యమట.

ఆయన కోపంలో న్యాయముంది గాని, తప్పు వీధివాళ్ళ మీదికి నెట్టడం నాకు నచ్చలేదు. పనిదినం సాయంత్రం దాకా నిలబడి పనిచేసిన మనిషి మ్యూజియానికి పోలేదని, ఆ మ్యూజియాన్నే తీసుకుపోతారా? జనం రారు కాబట్టి జనం ఉన్నచోటికి తరలిస్తాం అన్న లెక్కతో చూస్తే మన అమరావతి శిల్పాలు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉండడమే సరి. అక్కడ రోజూ చూసేవాళ్ళు ఎక్కువే మరి. పుట్టిన చోట వస్తువు ఉంటే దాని చుట్టూ ఉన్న మిగతా సంగతులు కూడా అడగాలనిపిస్తుంది. డీప్‌డేల్‌లో ఆ కప్పు కథ చదివినవాడు పక్క వీధి మిల్లు గురించి అడుగుతాడు. మిల్లు గురించి అడిగితే సడెల్ వస్తాడు, బట్ట కొన్నవాళ్ళు వస్తారు, తర్వాత భరూచ్ నుంచి వచ్చిన ఈ పెద్దాయనా వస్తాడు. ఇన్విన్సిబుల్స్ పెవిలియన్ గోడ మీద ఆ పదకొండు మందితో పాటు సడెల్ మీద కోర్టు తీర్పు కూడా వేలాడదీస్తే ఆ గెలుపు తరుగుతుందని నేననుకోను. దాని ఖర్చెంతో తెలుస్తుంది, అంతే.

మర్నాడు మేనల్లుడూ నేనూ రైలెక్కి మాంచెస్టర్ మ్యూజియం చూశాం. బాగుంది. శుభ్రంగా, వెలుతురుగా ఉంది, పిల్లలు గోలగోలగా తిరుగుతున్నారు. 2019 నుంచి అక్కడ ప్రవేశానికి రుసుము పెట్టారు, మాంచెస్టర్ నగరవాసులకు మాత్రం ఉచితం. ప్రెస్టన్ చిరునామా చూపించిన మావాడు టికెట్ కొనాల్సి వచ్చింది.