దుల్హాభాయ్ హునర్

మా గోదావరిఖని వాళ్లకు కరెంటు గురించి చెప్పనక్కర్లేదు. పక్కనే రామగుండం ఎన్టీపీసీ. పాత స్టేషన్ ఒక్కటే 2600 మెగావాట్లు. దానికి బొగ్గు సింగరేణిది. అలాంటి చోట నా భాంజీ కంప్యూటర్ కొన్ని వాట్లు తక్కువై మొరాయించింది.

పిల్ల యానిమేషన్ నేర్చుకుంటోంది. దాచుకున్న పైసలతో సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకుంది. అది పెడితే ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోతుంది. తీసేస్తే కంప్యూటర్ మామూలుగా నడుస్తుంది. దుకాణంలో చూపిస్తే ‘బోర్డు ఖరాబ్, కొత్త కంప్యూటర్ కొనండి’ అన్నారు. ఆపాకు ఫికర్ పట్టుకుంది. "ఈ డబ్బాకు పెట్టే పైసలేవో పెళ్లికి దాచుదాం" అంది. అంటే పిల్ల నేర్చుకోవడం ఆగినట్టే.

దుల్హాభాయ్ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ తనకు తెలియని ఇల్మ్ అని ఎప్పుడూ దూరంగానే కూర్చునేవారు. ఈసారి లేచొచ్చారు.

"కార్డు లేకుండ నడుస్తుందంటే బోర్డు సహీ సలామత్ ఉన్నట్టే కద బేటీ. గనిల పంపు మోటరు గూడ లేసేటప్పుడే ఎక్కువ కరెంటు గుంజుతది. దీనికి కరెంటు ఇచ్చేదేది?"

ప్లగ్గు పీకి, బొగ్గుదుమ్ము బ్రష్‌తో దులిపి, కార్డును స్లాట్‌లో టక్కుమనేదాకా నొక్కారు. ఆరు పిన్నుల వైరు గట్టిగానే ఉంది. అయినా అదే తకలీఫ్. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదివారు. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లు. కింద 12 వోల్టుల గడిలో మాత్రం 14 ఆంపియర్లే.

తండ్రీకూతుళ్లు హిసాబ్ వేశారు. స్లాటు నుంచి 75 వాట్ల దాకా, ఆరు పిన్నుల వైరు నుంచి ఇంకో 75. మొత్తం 150 వాట్లు, అంటే సుమారు పన్నెండున్నర ఆంపియర్లు. ప్రాసెసర్‌కు 65 వాట్లు, అంటే ఐదున్నర. కలిపితే 18.

"14 ఉన్నకాడ 18 అడిగితే ట్రిప్ కాక ఏం జేస్తది?" అన్నారు దుల్హాభాయ్.

కొనే ముందు పక్కింటి అబ్బాయి దగ్గర పెద్ద ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి బిగించారు. మానిటర్ వైరు బోర్డుకు కాకుండా కార్డుకు పెట్టారు. స్క్రీన్ వెలిగింది. అల్హమ్దులిల్లా!

మన ఇళ్లలో గనుల్లో, వర్క్‌షాపుల్లో చేతులు అరగదీసుకున్న పెద్దలు చాలామంది ఉన్నారు. కొత్త సామాన్ తమది కాదని మూలకు కూర్చుంటారు. ఏదైనా ఆగితే ముందు వాళ్లను పిలవండి. ఏది తీస్తే నడుస్తుంది, ఏది పెడితే ఆగుతుంది అని సబర్‌తో తేల్చడం వాళ్లకు ఉమ్రంతా అలవాటైన పని.

కొత్త ఎస్‌ఎంపీఎస్ పైసలు దుల్హాభాయ్ తన పెన్షన్‌లోంచి ఇచ్చారు. ఆపా వద్దనలేదు.