ఆపిల్ పెట్టెల అలమర

2018వ సంవత్సరం సెప్టెంబరు 24న మా మూసారాంబాగ్ మీదుగా మెట్రో రైలు నడవటం మొదలయింది. ఆ రైలును చూడటానికి మా మనవరాలూ, మనవడూ పదిరోజులపాటు సాయంత్రం కాగానే డాబా ఎక్కి కూర్చునేవాళ్ళు. ఇంతలో దసరా సెలవులు వచ్చాయి. రైలు మోజు తీరింది. మనవరాలికి మరొక కోరిక పుట్టింది.

"తాతయ్యా, మా గదిలో నా పుస్తకాలకు చోటు లేదు. నాకొక అలమర కావాలి," అన్నదామె.

ఆమె అన్నది నిజమే. పిల్లలిద్దరూ పడుకునే గది చాలా చిన్నది. అందులో ఒక మంచం, ఒక ఇనప బీరువా, వాళ్ళ నాయనమ్మ కుట్టుమిషనూ ఉన్నాయి. మనవరాలు అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆమె పుస్తకాలన్నీ మంచం కింద ఒక అట్టపెట్టెలో ఉండేవి. ఒకటో తరగతి చదివే తమ్ముడి బంతి ఎప్పుడు దొర్లినా ఆ పుస్తకాల మధ్యకే దొర్లేది.

నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి ఒక దుకాణంలో ధర అడిగాను. చిన్న అలమరకు 6,000 రూపాయలన్నారు. పింఛను మీద బతికేవాడికి అది పెద్ద మొత్తమే. ఇంటికి వచ్చి, "కొనటం దేనికి? మనమే చేద్దాం!" అన్నాను. పిల్లలిద్దరూ గంతులు వేశారు.

ఆ రోజుల్లో గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు మాకు దగ్గరలో, కొత్తపేటలోనే ఉండేది. దాన్ని 2021లో బాటసింగారం తరలించారు. దసరా నాటికి అక్కడికి ఉత్తరదేశం నుంచి ఆపిల్ పళ్ళు లారీలలో వచ్చేవి. అవి వచ్చిన కొయ్యపెట్టెలను, పళ్ళు అమ్ముడుపోయాక, చవకగా ఇచ్చేవారు. నేనూ, మనవరాలూ ఆటోలో వెళ్ళి నాలుగు పెట్టెలు తెచ్చాం. దారిలో కొయ్య అడితీ దగ్గర ఆగి, అలమర కాళ్ళకుగాను నాలుగు రీపర్లు కూడా కొన్నాం. మనవరాలు తన నోటుపుస్తకంలో ఇలా లెక్క రాసింది: పెట్టెలు 160, రీపర్లు 240, మేకులు 60, ఉప్పుకాగితం 40, ఆటో 100. మొత్తం 600 రూపాయలు.

పెట్టెలను ఊడదీసి, పాత మేకులన్నీ నేనే పీకేశాను. తుప్పుపట్టిన మేకుల జోలికి పిల్లలు పోరాదు. చెక్కలను ఉప్పుకాగితంతో రుద్దే పని మాత్రం వాళ్ళకు ఇచ్చాను. "చెక్కలో పోగులు ఏ వైపుగా ఉన్నాయో చూసి, ఆ వైపుగానే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి," అని చెప్పాను. రెండు గంటలలో గరుకు చెక్కలు నున్నబడ్డాయి. అంతవరకు పని సవ్యంగానే జరిగింది.

తీరా మేకులు కొట్టబోతే చెక్కలు చివర చీలిపోసాగాయి. అప్పుడు ఎదురింట్లో తలుపులు బిగిస్తున్న వడ్రంగి మేస్త్రీ ఒకడు, నా అవస్థ చూసి మా వాకిట్లోకి వచ్చాడు.

"సారూ, మేకును తలకిందులుగా పెట్టి, మొన మీద సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యండి. మొన మొద్దు బారుతుంది. అప్పుడు కొట్టండి," అన్నాడతను.

ఆశ్చర్యం! ఆ తరవాత చెక్కలు చీలటం దాదాపు ఆగిపోయింది. వాడి మొన చెక్కలోని పోగులను రెండు పక్కలకూ విడదీస్తుంది. అందువల్ల చెక్క చీలుతుంది. మొద్దు మొన పోగులను విడదీయక, నలుపుకుంటూ లోపలికి పోతుంది. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

మేస్త్రీ వెళ్ళబోతూ, "వెనక ఏటవాలుగా ఒక రీపరు కొట్టుకోండి సారూ. లేకపోతే ఊగుతుంది," అన్నాడు.

నేను అలమర వంక చూశాను. నిలువుగా నాలుగు కాళ్ళు, అడ్డంగా నాలుగు అరలు. గీత గీసినట్టు అందంగా ఉంది. దాని వెనక వంకరగా ఒక చెక్క కొట్టటమా? "వద్దు మేస్త్రీ, అందం చెడుతుంది," అన్నాను. అతను మరేమీ అనక వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పుస్తకాలు సర్దాం. లావుపాటి నిఘంటువులు పైన ఉంటే దర్జాగా ఉంటుందని పై అరలో పెట్టించినది కూడా నేనే.

మూడో రోజు మధ్యాహ్నం గదిలోనుంచి పెద్ద చప్పుడు వినబడింది. పరిగెత్తి వెళ్ళి చూద్దును గదా, అలమర ఒక పక్కకు ఒరిగి, మడత మంచంలాగా మడిచిపెట్టినట్టు నేల మీద పడి ఉన్నది. పుస్తకాల మధ్య చిన్నవాడు కూర్చుని ఏడుస్తున్నాడు. పై అరలో ఉన్న బంతి కోసం వాడు కింది అర మీద కాలుపెట్టి నిచ్చెనలాగా ఎక్కాడట! వాడి మోచెయ్యి గీరుకుపోయింది. అంతకుమించి దెబ్బ తగలలేదు. కాని నిఘంటువులతో సహా పై అర పడిన చోటికీ, వాడి తలకూ మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఆ జానెడు తలుచుకుంటే ఈనాటికీ నా గుండె దడదడలాడుతుంది.

నాయనమ్మ మనవణ్ణి ఎత్తుకుని గాయం కడిగింది. తరవాత నాతో, "ముప్పై ఏళ్ళపాటు ఊరి పిల్లలందరికీ త్రిభుజాలు చెప్పారు. ఒక్క త్రిభుజం మన అలమరకు పెట్టలేకపోయారా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఎందుచేతనంటే ఆమె అన్నది అక్షరాలా నిజం.

పిల్లలూ, ఆ త్రిభుజం సంగతి మీరే పరీక్షించి చూడండి. అట్టను నాలుగు పట్టీలుగా కత్తిరించి, మూలమూలకూ ఒక్కొక్క గుండుసూది గుచ్చి, దీర్ఘచతురస్రం చెయ్యండి. ఒక మూల పట్టుకుని నెట్టితే అది పక్కకు వాలి సమాంతర చతుర్భుజం అవుతుంది. పట్టీల పొడవు ఏమీ మారలేదు, కాని ఆకారం మారిపోయింది. ఇప్పుడు మూడే పట్టీలతో త్రిభుజం చేసి నెట్టండి. అది కదలదు. మూడు భుజాల పొడవులూ స్థిరంగా ఉంటే త్రిభుజానికి ఒకే ఒక ఆకారం సాధ్యం. దీర్ఘచతురస్రానికి కర్ణం వెంబడి ఒక పట్టీ బిగిస్తే అది రెండు త్రిభుజాలు అవుతుంది. అందుకే ఊగటం మానేస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన దాటేటప్పుడు రైలు కిటికీలోనుంచి చూడండి. మొదటినుంచి చివరిదాకా ఇనప త్రిభుజాలే కనిపిస్తాయి.

నేను ఆ సాయంత్రం మేస్త్రీ దగ్గరికి వెళ్ళి జరిగినది చెప్పాను. అతను నవ్వలేదు. "బాబుకు దెబ్బ తగల్లేదు గదా సారూ?" అని మాత్రం అడిగాడు. మర్నాడు వచ్చి పక్కన నిలబడి, నా చేతనే పనంతా మళ్ళీ చేయించాడు.

మొదట కాళ్ళు సరిగా నిలబెట్టాలి. మూలలు లంబకోణాలుగా ఉన్నాయో లేదో తెలుసుకోవటం ఎలా? మనవరాలు దారం తెచ్చి, వెనక వైపు ఒక మూలనుంచి ఎదుటి మూలకు కొలిచింది. తరవాత రెండో కర్ణం కొలిచింది. అంగుళం తేడా వచ్చింది! ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, కర్ణాలు కూడా సమానమైతేనే అది దీర్ఘచతురస్రం. రెండు దారాలూ సమానమయ్యేదాకా కాళ్ళు సర్దాం.

"వెనక చెక్క ఎంత పొడవుండాలి?" అని మేస్త్రీ ఆమెను అడిగాడు. అలమర వెడల్పు అడుగున్నర, ఎత్తు నాలుగు అడుగులు. ఒకటిన్నర వర్గం 2.25, నాలుగు వర్గం 16, కలిపితే 18.25. దాని వర్గమూలం సుమారు 4.27. అంటే నాలుగడుగుల మూడంగుళాల పైచిలుకు. మేస్త్రీ లెక్క వెయ్యలేదు. రీపరును ఏటవాలుగా ఆనించి పెన్సిలుతో గీత గీశాడు. కొలిచి చూస్తే రెండూ ఒకటే!

వెనక ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మూడు ఏటవాలు రీపర్లు బిగించాం. పలచని అరలు వంగకుండా ప్రతి అర కిందా ముందు వైపున ఒక చెక్కపట్టీని నిలువుగా కొట్టాం. దాని బలం తెలియాలంటే మీ కొయ్య స్కేలును అడ్డంగా పట్టుకుని వంచండి, వంగుతుంది. దాన్నే అంచు మీద నిలిపి వంచండి, వంగదు. చెక్క మందం రెట్టింపయితే, దాన్ని అంతే వంచటానికి ఎనిమిది రెట్లు బలం కావాలి.

ఇంకొక ముఖ్యమైన పని ఉన్నది. అలమర ఎంత గట్టిదైనా, పిల్లవాడు ఎక్కితే ముందుకు తిరగబడగలదు. బరువైన పుస్తకాలు పైన ఉంటే గరిమనాభి పైకి పోతుంది, పడటం మరీ సులువు. అందుచేత నిఘంటువులను అట్టడుగు అరకు దించాం. మేస్త్రీ గోడకు రంధ్రాలు చేసి, ఎల్ అక్షరంలాగా వంగిన ఇనప పట్టీలతో అలమరను గోడకు బిగించాడు. తల్లిదండ్రులకు నా విన్నపం ఏమంటే, కొన్న బీరువా అయినా, చేసిన అలమర అయినా, పిల్లలున్న గదిలో గోడకు బిగించకుండా ఉంచకండి.

రీపర్లు 180, పట్టీలూ స్క్రూలూ 80, రంగు 150. అంతా కలిసి 1,010 రూపాయలు అయింది. మేస్త్రీ కూలి తీసుకోనన్నాడు. నేను ఊరుకోక ఇచ్చాను. అది పుస్తకంలో వేరే పేజీలో రాయించాను. మనవరాలు పక్క చెక్కల మీద తెల్లరంగుతో చుక్కల ముగ్గు వేసింది. నాయనమ్మ తన పాత పోచంపల్లి చీరను కత్తిరించి తెర కుట్టింది. గదికి ఎంతో కళ వచ్చింది.

1937లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన ఒక విద్యాసభ జరిగింది. చేతిపని ద్వారా చదువు చెప్పాలని అక్కడ తీర్మానించారు. దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్ గారు. ఆయన 1897లో మన హైదరాబాదులోనే పుట్టి, 1967లో రాష్ట్రపతి అయినారు. ఉపాధ్యాయ శిక్షణ పొందేటప్పుడు నేను ఈ విషయం మీద పరీక్షలో నాలుగు పేజీలు రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. కాని చేతిపని చేసే మనిషి నా వాకిట్లో నిలబడి ఒక్క మాట చెబితే వినలేదు.

ఇటలీలో ఎంజో మారి అనే ఆయన ఉండేవాడు. 1974లో ఆయన, మామూలు చెక్కలూ మేకులతో ఎవరైనా చేసుకోదగిన బల్లలకూ, కుర్చీలకూ నమూనాలు గీసి ప్రకటించాడు. తన చేత్తో ఒక బల్ల చేసినవాడికి మంచి బల్ల ఏదో తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆయన బల్లల కింద ఏటవాలు చెక్కలు దాపరికం లేకుండా కనిపిస్తాయి. వాటి వల్ల అందం చెడలేదు.

మహర్నవమినాడు ఆయుధపూజకు రంపం, సుత్తి, పటకారు కడిగి, పీట మీద పెట్టి కుంకుమ బొట్లు పెట్టాను. మనవరాలు తన జామెట్రీ పెట్టె తెచ్చి వాటి పక్కనే పెట్టింది. చిన్నవాడు బంతి తెచ్చాడు. దానికి కూడా నాయనమ్మ ఒక బొట్టు పెట్టింది.

ఆ అలమర ఈనాటికీ ఆ గదిలోనే ఉన్నది. ఎవరు ఊపి చూసినా కదలదు.